పూర్తిగా కొత్త ఆలోచన అంటూ ఉంటుందా?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పి చూస్తాను. మనిషికి తట్టేదంతా అంతకుముందు చూసిందో, విన్నదో, చదివిందో. మనసు చేసే పనల్లా ఆ ముక్కలను అటూ ఇటూ మార్చి అతకడమే. కాబట్టి నిజంగా కొత్తదైన ఆలోచన మనిషికి సాధ్యం కాదు అన్నది మీ వాదన. పైగా చాలాకాలం మీ సొంతమనుకున్న ఒక ఆలోచన ఈమధ్య ఒక పాత తత్త్వశాస్త్ర గ్రంథంలో కనిపించి మీకు నిరుత్సాహం కలిగించింది. అడిగిన వెంటనే వ్యాసాలు రాసిచ్చే కంప్యూటర్ ప్రోగ్రాములకూ మనకూ తేడా ఏమిటని కూడా అడిగారు.

నేను తత్త్వశాస్త్రం చదువుకున్నవాడిని కాను. హైదరాబాద్‌లో పేటెంటు ఏజెంటుగా పనిచేస్తున్నాను. “ఇది ప్రపంచంలో ఇంతవరకు ఎవరికీ తట్టలేదు” అంటూ వచ్చినవాళ్ల ఆలోచన అంతకుముందు ఎవరెవరికి తట్టిందో వెతకడం నా పనిలో పెద్ద భాగం. తరచుగా అది ఏదో పాత జపాన్ పేటెంటులోనో, జర్మనీ పేటెంటులోనో బొమ్మతో సహా దొరుకుతుంది. ఇలాంటి వృత్తిలో ఉన్నవాడు మీతో ఏకీభవిస్తాడని మీరు అనుకోవచ్చు. నేను ఏకీభవించను.

మొదట ఒక మాట. మీ వాదనే పాతది, కోపగించుకోకండి. 1748లో డేవిడ్ హ్యూమ్ అనే స్కాట్లండ్ తత్త్వవేత్త దాదాపు ఇదే చెప్పాడు. బంగారు కొండను ఊహించుకున్నామంటే, బంగారాన్ని ఒకచోట చూశాం, కొండను మరోచోట చూశాం, రెంటినీ కలిపాం, అంతే అన్నాడు. అయితే అదే పుస్తకంలో ఆయన ఒక మినహాయింపు కూడా ఇచ్చాడు. నీలం రంగు ఛాయలన్నిటినీ ముదురు నుంచి లేత దాకా వరసగా పేర్చి, మధ్యలో ఒక్కటి తీసేస్తే, ఆ ఛాయను జన్మలో చూడనివాడు కూడా అక్కడ ఖాళీ ఉందని పసిగట్టి, అది ఎలా ఉంటుందో ఊహించుకోగలడని ఒప్పుకున్నాడు. ఇంత అరుదైన సంగతి కోసం సిద్ధాంతం మార్చుకోనక్కరలేదని దాన్ని పక్కన పెట్టేశాడు. నాకు మాత్రం ఆయన పక్కన పెట్టినదే ముఖ్యంగా కనిపిస్తుంది. ఖాళీని పసిగట్టడం అతకడం కిందికి రాదు.

శూన్యంలోంచి ఊడిపడిన ఆలోచన కావాలంటే అది లేదు, ఉండబోదు. ఆలోచించడానికి వాడే భాషే మనం కనిపెట్టింది కాదు. కానీ ఆ కొలబద్దను చర్చల్లో తప్ప ఎవరూ ఎక్కడా వాడరు. కోట్ల రూపాయలు పణంగా ఉన్నచోట, ఇది కొత్తదా కాదా అని తేల్చక తప్పనిచోట, ఏం అడుగుతారో చూడండి.

పేటెంటు పరిశీలించే అధికారి ప్రధానంగా రెండు సంగతులు చూస్తాడు. మొదటిది, ఇదే వస్తువు ఇంతకుముందు ఎక్కడైనా ఉందా? ఒక్క పాత కాగితంలో పూర్తిగా దొరికినా కథ ముగిసినట్లే. రెండోది అసలైన చిక్కు. విడివిడిగా రెండు మూడు పాత కాగితాల్లో ఉన్న ముక్కలను కలిపితే ఇది వస్తుంది. అయితే ఆ రంగం తెలిసిన వ్యక్తికి అలా కలపాలని మామూలుగానే తట్టేదా? మన 1970 పేటెంట్ల చట్టం దీన్ని సెక్షన్ 2(1)(జెఎ)లో పెట్టింది. ఆ రంగంలో నైపుణ్యం ఉన్న వ్యక్తికి తేటతెల్లంగా కనిపించేదైతే అది ఆవిష్కరణ కాదు. ముక్కలు పాతవా అని అడగరు. ముక్కలు పాతవే, అందులో వివాదం లేదు. ప్రతి యంత్రంలోనూ మరలు, చక్రాలు, కమ్మీలు ఉంటాయి.

ఆ “నైపుణ్యం ఉన్న వ్యక్తి” నిజంగా ఎక్కడా లేడు, చట్టం ఊహించుకున్న మనిషి. నాకు ఈ పాత్ర మీద చాలా ఇష్టం. అతడు తన రంగంలో అచ్చయిన ప్రతి కాగితమూ చదివేశాడు, ఏ దేశానిదైనా, ఏ భాషలోదైనా. ఏదీ మరచిపోడు. కానీ అతడి ఊహ మాత్రం సాధారణం. అమెరికా సుప్రీంకోర్టు 2007లో, ఇతడికి కూడా కొంత ఊహాశక్తి ఉంటుంది, మరీ మరమనిషి కాదు అని సరిదిద్దింది. అయినా మూల భావన మారలేదు. అంటే అన్నీ తెలిసి ఉండటం వేరు, కొత్తది తట్టడం వేరు అని చట్టం ఎప్పుడో ఒప్పుకుంది. మీ వాదన నిజమైతే ఈ మనిషికి ప్రతిదీ తట్టాలి, ఎందుకంటే ముక్కలన్నీ అతడి దగ్గరే ఉన్నాయి. అతడికి తట్టని వాటికే రోజూ పేటెంట్లు ఇస్తున్నారు.

మనకు బాగా తెలిసిన ఉదాహరణ చింతకింది మల్లేశం. ఆలేరు దగ్గరి శారాజీపేట నేత కుటుంబం. పోచంపల్లి చీరకు రంగులు అద్దే ముందు దారాన్ని మేకుల చుట్టూ ఒక వరసలో చుట్టాలి, దాన్నే ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు చేతిని వేల సార్లు అటూ ఇటూ తిప్పాలి. ఆ పని చేసీ చేసీ ఆయన తల్లి లక్ష్మి గారికి భుజం నొప్పి. బడి మధ్యలో మానేసిన మల్లేశం గారు 1992 ప్రాంతంలో యంత్రం పని మొదలుపెట్టి, విడివిడి భాగాలు ఒక్కొక్కటిగా కుదుర్చుకుంటూ వెళ్లారు. ఒక కదలిక దగ్గర పని ఆగిపోయింది. బతుకుతెరువు కోసం హైదరాబాద్ వచ్చి బాలానగర్‌లో కరెంటు పని చేస్తుండగా, అక్కడి ఒక యంత్రంలో తనకు కావలసిన కదలికే కనిపించింది. 1999లో ఆసు యంత్రం పూర్తయింది, దానికి తల్లి పేరే పెట్టారు. తర్వాత పేటెంటు వచ్చింది, 2017లో పద్మశ్రీ వచ్చింది.

మీ లెక్కన ఇందులో కొత్తది ఏమీ లేదు. మోటారు పాతది. ఆ చివరి కదలిక కూడా వేరొకరి యంత్రంలోది. కానీ బాలానగర్‌లో ఆ యంత్రాన్ని రోజూ చూసినవాళ్లు ఎందరు? దాన్ని తయారుచేసిన ఇంజనీర్లకు ఆ కదలిక ఇంకా బాగా తెలుసు. వాళ్లలో ఒక్కరికి కూడా ఆసు గుర్తుకు రాలేదు, ఎందుకంటే వాళ్ల బుర్రలో ఆ ప్రశ్న లేదు. ముక్క అందరి కళ్ల ముందూ ఉంది, దాన్ని తనకు కావలసిన ముక్కగా గుర్తించింది ఒక్కడే. నేను కొత్తదనం అనేది ఈ గుర్తింపునే.

దీనికి తిరగేసిన ఉదాహరణ కూడా ఉంది. అమెరికాలోని త్రీఎం కంపెనీలో స్పెన్సర్ సిల్వర్ 1968లో ఒక జిగురు చేశాడు. అంటుకుంటుంది గానీ గట్టిగా అంటదు, తీస్తే వచ్చేస్తుంది. జవాబు చేతిలో ఉంది, ప్రశ్న లేదు. కొన్నేళ్ల పాటు దాన్ని తోటివాళ్లకు చూపిస్తూ తిరిగాడు. 1974లో అదే కంపెనీలోని ఆర్ట్ ఫ్రై, చర్చిలో పాటల పుస్తకంలో పెట్టుకున్న చీటీలు జారిపోతుంటే విసిగి, ఆ జిగురును తలుచుకున్నాడు. ఇవాళ ప్రతి ఆఫీసులోనూ కంప్యూటర్ అంచున అతికించుకునే పసుపు చీటీలు అలా వచ్చాయి. వీళ్లిద్దరిలో ఎవరి ఆలోచన కొత్తది అని అడిగితే నేను ఇద్దరిదీ అంటాను, ఫ్రైది కొంచెం ఎక్కువ అంటాను. మీరు ఒప్పుకోకపోవచ్చు.

ఇంతవరకు చెప్పింది అతకడం గురించే. అతకడంలో కూడా కొత్తదనం ఉంటుందన్నాను. కానీ అన్నిటికన్నా పెద్ద ఆలోచనలు అతకడం వల్ల రాలేదు. ఏదో ఒకటి వదిలెయ్యడం వల్ల వచ్చాయి. ఇక్కడ కాస్త ఆగి మాట్లాడాలి.

బడిలో చెప్పే జ్యామితి గుర్తుచేసుకోండి. ఒక సరళరేఖ, దాని బయట ఒక బిందువు. ఆ బిందువు గుండా ఆ రేఖకు సమాంతరంగా ఒకే ఒక్క రేఖ గీయగలం. యూక్లిడ్ దీన్ని కొంచెం వేరే మాటల్లో అయిదో స్వీకృతంగా పెట్టి, నిరూపణ లేకుండా ఒప్పుకోమన్నాడు. మిగతా నాలుగింటి నుంచే దీన్ని రాబట్టాలని గ్రీకులు, అరబ్బులు, పారశీకులు, యూరప్ వాళ్లు రెండు వేల ఏళ్లు తంటాలు పడ్డారు. 1733లో సక్కేరి అనే ఇటలీ మతగురువు ఒక తెలివైన దారి పట్టాడు. అయిదో స్వీకృతం తప్పు అనుకుని మొదలుపెడదాం, ఎక్కడో ఒకచోట వైరుధ్యం వస్తుంది, దాంతో అది ఒప్పని తేలిపోతుంది అనుకున్నాడు. మొదలుపెట్టాడు. సిద్ధాంతం వెంట సిద్ధాంతం వచ్చింది. త్రిభుజంలో మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలకు తక్కువ అని వచ్చింది. వింతలు వచ్చాయి గానీ వైరుధ్యం మాత్రం రాలేదు. చివరికి, ఇది సరళరేఖ స్వభావానికే విరుద్ధం అని ప్రకటించి పుస్తకం ముగించేశాడు.

ఇప్పుడు 1823కి రండి. యానోష్ బొల్యాయ్ అనే ఇరవయ్యేళ్ల హంగరీ సైనికాధికారి తండ్రికి ఉత్తరం రాశాడు. తండ్రి ఫార్కష్ కూడా గణితజ్ఞుడే. ఇదే సమస్య మీద తన జీవితం ధారపోసి విసిగినవాడు, దాని జోలికి వెళ్లవద్దని కొడుకును బతిమాలినవాడు. ఆ తండ్రికి కొడుకు రాసినదాని సారాంశం: శూన్యం నుంచి నేను ఒక కొత్త, వింత ప్రపంచాన్ని సృష్టించాను.

మీరు అడుగుతున్నది సరిగ్గా ఇదే, శూన్యం నుంచి. కానీ అతడి ముందున్నది శూన్యం కాదు, రెండు వేల ఏళ్ల విఫలయత్నాల గుట్ట. సక్కేరి రాబట్టిన సిద్ధాంతాలకూ బొల్యాయ్ రాబట్టిన వాటికీ చాలా పోలిక ఉంది. ముక్కల లెక్క తీస్తే ఇద్దరి దగ్గరా దాదాపు ఒకటే సరుకు. సక్కేరి ఆ సిద్ధాంతాలను ఒక తప్పు దారిలో ఎదురైన చెత్తగా చూశాడు. బొల్యాయ్ అదే చెత్తను ఇంకొక జ్యామితిగా చూశాడు. యూక్లిడ్ చెప్పిందే ఏకైక సత్యం అన్న నమ్మకాన్ని వదిలేశాడు. సరుకేమీ పెరగలేదు, ఒక నమ్మకం తగ్గింది. ఇది ఏ రెంటిని అతికితే వచ్చిందో మీరు చెప్పండి.

మన దేశపు ఉదాహరణ ఇంకొకటి. వెలుగు పొట్లాలుగా వస్తుందని 1900 తర్వాత భౌతికశాస్త్రం మెల్లగా ఒప్పుకుంది. వేడి వస్తువు వెలువరించే వెలుగును లెక్కగట్టే ప్లాంక్ సూత్రం ఆ రంగంలో అందరికీ తెలుసు. దాన్ని శుభ్రంగా రాబట్టే దారి మాత్రం ఎవరికీ దొరకలేదు. 1924లో ఢాకా విశ్వవిద్యాలయంలో ఉన్న సత్యేంద్రనాథ్ బోస్ ఆ పొట్లాలను లెక్కపెట్టే పద్ధతి మార్చాడు. రెండు నాణేలు ఎగరేస్తే బొమ్మ-బొమ్మ, బొమ్మ-బొరుసు, బొరుసు-బొమ్మ, బొరుసు-బొరుసు అని నాలుగు రకాలుగా పడతాయని మనం లెక్కపెడతాం, ఎందుకంటే ఇది మొదటి నాణెం, అది రెండోది అని విడిగా గుర్తుపట్టగలం. ఆ గుర్తింపే లేని కణాలైతే? అప్పుడు మధ్యలో రెండూ ఒకటే, రకాలు మూడే. ఆ లెక్కతో సూత్రం వచ్చేసింది. అయిన్‌స్టయిన్ ఆ వ్యాసాన్ని స్వయంగా జర్మన్‌లోకి అనువదించి అచ్చు వేయించాడు. తాను చేసినది అంత కొత్తదని అప్పట్లో తనకే తెలియదని బోస్ చాలా ఏళ్ల తర్వాత చెప్పారు. కొత్త ఆలోచన చేసేవాడికి మెరుపు మెరిసినట్టు అనిపించి తీరాలన్నది కూడా, చూశారా, నిజం కాదు.

ఇక మీ పక్షాన ఉన్న బలమైన సాక్ష్యం ఒకటి మీరు వాడుకోలేదు, నేనే ఇస్తాను. బొల్యాయ్ ఒంటరి కాదు. రష్యాలోని కజాన్‌లో లొబచేవ్‌స్కీ 1829లోనే అదే జ్యామితిని అచ్చు వేశాడు. బొల్యాయ్ వ్యాసం 1832లో తండ్రి పుస్తకానికి అనుబంధంగా వస్తే, అది చదివిన జర్మనీ గణితజ్ఞుడు గౌస్, దీన్ని పొగిడితే నన్ను నేను పొగుడుకున్నట్టే, నాకు ఇవన్నీ ఎప్పుడో తట్టాయి అన్నాడు. కుర్రవాడు కుంగిపోయాడు. త్వరగా ప్రకటించమని తొందరపెట్టిన తండ్రి ఒక మాట అన్నాడు: వసంతం రాగానే వయొలెట్ పూలు అన్నిచోట్లా ఒక్కసారే పూసినట్టు, కొన్ని ఆలోచనలకు ఒక కాలం వస్తుంది. డార్విన్ ఇరవై ఏళ్లుగా దాచుకున్న పరిణామ సిద్ధాంతాన్ని 1858లో ఇండొనేషియా దీవుల నుంచి వాలెస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త ఉత్తరంలో రాసి పంపాడు. ఇద్దరూ జనాభా గురించి మాల్థస్ రాసిన ఒకే పుస్తకం చదివినవాళ్లు. ముక్కలు సిద్ధంగా ఉంటే అతకడానికి ఎవరో ఒకరు వస్తారనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఒప్పుకుంటాను. అందుకే నేను కొత్తదా, కాదా అని అడగడం మానేశాను. ఈ మనిషి పుట్టకపోయి ఉంటే ఇది ఇంకెప్పుడు వచ్చేది అని అడుగుతాను. డార్విన్ లేకపోతే అదే ఏడాది. వంశపారంపర్యం మీద మెండెల్ 1866లో అచ్చు వేసిన బఠాణీ మొక్కల లెక్కలు ఎవరికీ పట్టలేదు. 1900లో ముగ్గురు విడివిడిగా అవే నియమాలకు చేరాక పాత వ్యాసం బయటపడింది. అంటే మెండెల్ లేకపోతే 34 ఏళ్లు. ఇది తూకంలా కచ్చితమైన కొలత ఏమీ కాదు గానీ, ఉంది లేదు అనే వాదనకన్నా నయం.

ఈ కొలతలో నాకు తెలిసిన పెద్ద అంకె రామానుజన్‌ది. ఆయనకు పదహారేళ్ల ప్రాయంలో కుంభకోణంలో దొరికిన ఆధారమల్లా కార్ అనే ఆంగ్లేయుడు పరీక్షల విద్యార్థుల కోసం కూర్చిన పుస్తకం. దాదాపు అయిదు వేల ఫలితాలు, నిరూపణలు చాలావాటికి లేవు. దాని ఆధారంగా ఆయన రాబట్టినవాటిలో చాలా భాగం యూరప్‌లో అప్పటికే తెలిసినవని కేంబ్రిడ్జ్ గణితజ్ఞుడు హార్డీ తర్వాత చెప్పాడు. ఇక్కడ మీ పాత పుస్తకం బాధ గుర్తుకు రావాలి. తెలిసినదాన్ని తెలియకుండా మళ్లీ కనిపెట్టినప్పుడు రామానుజన్ బుర్ర చేసిన పని, ఎవరికీ తెలియనిదాన్ని కనిపెట్టినప్పుడు చేసిన పని ఒకటే. లోకం లెక్కలో తేడా ఉంది, పేటెంటు ఆఫీసు లెక్కలో చాలా తేడా ఉంది, ఆలోచన లెక్కలో ఏ తేడా లేదు. మార్గరెట్ బోడెన్ అనే బ్రిటిష్ పరిశోధకురాలు ఈ రెంటినీ వేరువేరుగా చూడాలని ఎప్పటినుంచో చెప్పింది: ఒక మనిషికి కొత్తది, చరిత్రకే కొత్తది. మీరు రెంటినీ కలిపేసి బాధపడుతున్నారు.

చరిత్రకే కొత్తవి కూడా రామానుజన్ దగ్గర తక్కువేమీ కాదు. 1913 జనవరిలో వచ్చిన ఉత్తరంలోని కొన్ని సూత్రాల గురించి హార్డీ, ఇవి నిజమే అయి ఉండాలి, నిజం కాకపోతే వీటిని కల్పించేంత ఊహ ఎవరికీ ఉండదు అన్నాడు. 1920లో, చనిపోవడానికి మూడు నెలల ముందు, మాక్ తీటా ప్రమేయాలు అని తాను పేరు పెట్టిన వాటి గురించి హార్డీకి రాశారు. అవి అసలు ఏమిటో, ఏ పెద్ద కుటుంబానికి చెందినవో అర్థమైంది 2002లో, నెదర్లాండ్స్‌లో జ్వేగర్స్ అనే విద్యార్థి రాసిన పరిశోధన గ్రంథంతో. మధ్యలో 82 ఏళ్లు. జవాబు ఉత్తరంలో ఉన్నా అర్థం చేసుకోవడానికి అంతకాలం పట్టిందంటే, ఉత్తరమే లేకపోతే ఎంతకాలం పట్టేదో. (మన చట్టంలోని సెక్షన్ 3 ప్రకారం గణిత పద్ధతులకు పేటెంటు ఇవ్వరు. రామానుజన్ నా కార్యాలయానికి వచ్చి ఉంటే నమస్కారం పెట్టి పంపించేయాల్సి వచ్చేది.)

ఎవరికి కొత్త అన్న ప్రశ్న ఎంత ఇబ్బంది పెట్టగలదో పసుపు వివాదం చూస్తే తెలుస్తుంది. గాయం మానడానికి పసుపు వాడటం మీద 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చేశారు. మన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి సవాలు చేసి, పాత గ్రంథాల ఆధారాలు చూపి 1997లో దాన్ని రద్దు చేయించింది. వంటింట్లో అందరికీ తెలుసు అంటే సరిపోలేదు, కాగితం కావాలన్నారు.

ఇక మనవాళ్ల సంగతి. సొంత ఆలోచన, ఎరువు ఆలోచన అన్న గొడవ యూరప్ నుంచి వచ్చిందని కొందరు అనుకుంటారు. మన ఆలంకారికులు దీన్ని వెయ్యేళ్ల కిందే నిశితంగా చర్చించారు. తొమ్మిదో శతాబ్దపు కాశ్మీరంలో ఆనందవర్ధనుడు, ఇద్దరు కవుల భావాలు కలవడం మూడు రకాలన్నాడు. అద్దంలో ప్రతిబింబంలా కలవడం, చిత్తరువులా కలవడం, ఒకే పోలికలున్న ఇద్దరు మనుషుల్లా కలవడం. మొదటి రెండూ వదిలెయ్యాలి, మూడోది తప్పు కాదు, ఎందుకంటే పోలిక ఉన్నా ఎవరి ప్రాణం వారిదే. నేను రోజూ చూసే పేటెంటు వివాదాలకు ఇంతకన్నా మంచి వర్గీకరణ నాకు దొరకలేదు. కొద్దికాలం తర్వాత వచ్చిన రాజశేఖరుడు ఇంకా నిర్మొహమాటంగా మాట్లాడాడు. కవుల్లో దొంగ కానివాడు లేడు, వర్తకుల్లో దొంగ కానివాడు లేడు, దాచడం తెలిసినవాడు నింద లేకుండా వెలుగుతాడు అన్నాడు.

తెలుగులో పదహారో శతాబ్దంలో ఇదే విషయం మీద రెండు వైపులా కావ్యాలే వచ్చాయి. రామరాజభూషణుడు వసుచరిత్ర మొదట్లో తేల్చి చెప్పాడు. పూర్తిగా కల్పించిన కథలు కృత్రిమ రత్నాలు. పాత కథలు గనిలోంచి వచ్చిన ముడి రత్నాలు. పాత కథకు మంచి కవి కల్పన తోడైతే అది సాన పట్టిన జాతిరత్నం. అదే శతాబ్దంలో పింగళి సూరన పురాణాల్లో లేని కథను మొత్తంగా తానే అల్లి కళాపూర్ణోదయం రాశాడు. సూరనను మీరు చెప్పే సంపూర్ణ స్వతంత్రుడిగా చూపాలని ఉంటుంది, కానీ అక్కడా నారదుడు, తుంబురుడు, రంభ, నలకూబరుడు ఉన్నారు. వాళ్లందరూ పాతవాళ్లే. బ్రహ్మ సరస్వతికి సరదాగా చెప్పిన కథ భూమి మీద మనుషుల జీవితంగా నడవడం అనే ఆ ఏర్పాటు మాత్రం సూరనదే. నా ఓటు సూరనకు, కానీ రామరాజభూషణుడు చెప్పిన సూత్రం సూరనకు కూడా వర్తిస్తుందని నా అనుమానం.

గురజాడది మరీ ముచ్చటైన సంగతి. 1910లో ముత్యాల సరాలు వచ్చినప్పుడు అది కొత్త ఛందస్సు అన్నారు. తర్వాత లక్షణం తెలిసినవాళ్లు, మూడు నాలుగు మాత్రల ఈ నడక మన వృషభగతి రగడ అనే పాత ఛందస్సులో ఎప్పటినుంచో ఉందని చూపించారు. నిజమే, ఉంది. గురజాడ ఏమీ దాచలేదు, “కొత్తపాతల మేలుకలయిక” అని ఆ గేయంలోనే రాసుకున్నాడు. రగడను శతాబ్దాలుగా వాడినవాళ్లెవరికీ, చివరి పాదాన్ని తుంచి, అంత్యప్రాసలు వదిలి, వాడుక మాటకు దగ్గరి నడకలో కథ చెప్పవచ్చని తట్టలేదు. ఇక్కడా వదిలెయ్యడమే జరిగింది.

ఇప్పుడు ఒక హెచ్చరిక. “ఇది నాకే తట్టింది” అనే అనుభూతికి సాక్ష్యంగా విలువ చాలా తక్కువ. చూపూ వినికిడీ లేని హెలెన్ కెల్లర్ పదకొండేళ్ల వయసులో మంచు రాజు గురించి ఒక కథ రాసి బడి పెద్దకు పుట్టినరోజు కానుకగా పంపింది. అది అచ్చయ్యాక, మార్గరెట్ క్యాన్‌బీ రాసిన పాత కథకు చాలా దగ్గరగా ఉందని 1892లో తేలింది. కొన్నేళ్ల ముందు ఆ కథను ఎవరో ఆమె చేతిలో వేళ్లతో అక్షరాలు రాస్తూ వినిపించారు, ఆమెకు విన్న జ్ఞాపకమే లేదు. చిన్నపిల్లను కూర్చోబెట్టి విచారణ జరిపారు. ఏది తనదో ఏది చదివిందో విడదీయడం తనకు ఎప్పటికీ కష్టమేనని ఆమె పెద్దయ్యాక రాసుకుంది. నా దగ్గరకు వచ్చేవాళ్లలో అబద్ధాలు చెప్పేవాళ్లు తక్కువ, ఇలా మరచిపోయినవాళ్లు ఎక్కువ. కాబట్టి మీ వాదనలో ఈ భాగం నిజం: మన ఆలోచనల మూలాల గురించి మనకే సరిగా తెలియదు. అయితే మూలం తెలియకపోవడం వేరు, మూలం నుంచి ఒక్క అడుగు కూడా ముందుకు వేయకపోవడం వేరు.

యంత్రాల గురించి అడిగారు. చట్టం జవాబు సులువు. డాబస్ అనే ప్రోగ్రామును ఆవిష్కర్తగా చూపుతూ స్టీఫెన్ థేలర్ అనే అమెరికన్ దేశదేశాల్లో దరఖాస్తు చేస్తే, బ్రిటన్ సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో, ఆవిష్కర్త మనిషే అయి ఉండాలని తేల్చింది. అది వాళ్ల చట్టంలోని మాటకు అర్థం చెప్పడం మాత్రమే, మీ ప్రశ్నకు జవాబు కాదు. నా కొలతనే యంత్రానికీ పెడితే ఫలితం కొందరికి నచ్చదు. 2016లో ఆల్ఫాగో అనే ప్రోగ్రాము కొరియా ఆటగాడు లీ సెడోల్‌తో ఆడిన గో (నలుపు, తెలుపు రాళ్లతో ఆడే పలక ఆట) పోటీ రెండో ఆటలో 37వ ఎత్తు వేసింది. ఆ చోట మనిషి ఆ ఎత్తు వేసే అవకాశం పదివేలలో ఒకటి అని ఆ ప్రోగ్రాము లెక్కే చెప్పింది. నిపుణులు మొదట పొరపాటు అనుకున్నారు, తర్వాత మెచ్చుకున్నారు. ఎంతో కాలంగా అవే నియమాలు, అదే పలక అందరి ముందూ ఉన్నాయి, ఎవరూ అటు వెళ్లలేదు. నేను దాన్ని కొత్త ఆలోచన అనే అంటాను. కానీ గో ఆడాలని, గెలవాలని దానికి చెప్పింది మనమే. తల్లి భుజం నొప్పి చూసి ఏళ్ల తరబడి ఒక ప్రశ్నను మోసే పని ఇంతవరకు మనుషులదే. రేపటి సంగతి మీద పందెం కాయను.

చివరిగా మీ పాత పుస్తకం. మీరు ఏ ఆలోచన అన్నది చెప్పలేదు కాబట్టి, నేను దరఖాస్తులకు చేసేదే చెబుతాను. రెంటినీ పక్కపక్కన పెట్టండి. ముగింపు కలిసిందా అన్నది ఆఖర్న చూడండి. ముందు ఆయన ఏ సమస్యతో మొదలుపెట్టాడో, మీరు దేనితో మొదలుపెట్టారో చూడండి. తర్వాత దారి చూడండి. 1 నుంచి 1/3 తీసేసి, 1/5 కలిపి, 1/7 తీసేసి అలా పోతే π (పై, వృత్తం చుట్టుకొలతను వ్యాసంతో భాగిస్తే వచ్చే సంఖ్య) విలువలో నాలుగో వంతు వస్తుందన్న శ్రేణి జర్మనీ గణితజ్ఞుడు లైబ్నిట్జ్‌కు 1670లలో దొరికింది. కేరళలో సంగమగ్రామ మాధవుడి సంప్రదాయంలో అది రెండు శతాబ్దాలకు పైగా ముందే ఉంది, 1530 ప్రాంతంలో జ్యేష్ఠదేవుడు మలయాళంలో రాసిన యుక్తిభాషలో నిరూపణ కూడా ఉంది. ముగింపు ఒక్కటే. కానీ ఆ శ్రేణి నత్తనడక నడుస్తుంది, వందల పదాలు కలిపినా రెండు మూడు దశాంశాలకు మించి రాదు. గ్రహగణితం కోసం కచ్చితమైన విలువ కావలసిన కేరళవాళ్లు, ఎక్కడో ఆపి చివర్లో కలపవలసిన సవరణ పదాలను కూడా కనిపెట్టారు, π విలువను 11 దశాంశాల వరకు తెచ్చారు. లైబ్నిట్జ్‌కు ఆ అవసరం లేదు, ఆయన దగ్గర ఆ పదాలూ లేవు. ఆయన వక్రరేఖల కింది వైశాల్యాల లెక్కలోంచి వచ్చాడు, అదే దారిలో ముందుకు వెళ్లి కలన గణితానికి చేరాడు. మీ నోట్సులో ఆ పాత తత్త్వవేత్త దగ్గర లేని సవరణ పదం ఏదైనా ఉందేమో వెతికి చూడండి. దొరికితే రాయండి, చదువుతాను.